క్లెఫేబుల్‌కి ఒకే పని అప్పజెప్పాలి

పోకెమాన్ వీడియో గేమ్స్‌లో, ఆరేసి పోకెమాన్‌లతో ఆడే పోటీలకి, అంకెలు మాత్రమే చూసి టీమ్ కట్టేవాళ్లెవరూ క్లెఫేబుల్ జోలికి పోరు. హెచ్‌పీ (ప్రాణం) 95, ఎటాక్ 70, డిఫెన్స్ 73, స్పెషల్ ఎటాక్ 95, స్పెషల్ డిఫెన్స్ 90, స్పీడ్ 60. అన్నీ కలిపితే బేస్ స్టాట్స్, అంటే పుట్టుకతో ఉండే బలం అంకెలు, 483. దీనికి ఎదురుపడే గార్‌చాంప్‌కి అదే మొత్తం 600. డిఫెన్స్ 73 ఉన్న పోకెమాన్‌ని వాల్‌గా, అంటే దెబ్బలు కాచే గోడగా, వాడటమేంటని కొత్తగా ఆడేవాళ్లు ఆశ్చర్యపోతారు. అయినా 2013లో ఎక్స్, వై గేమ్స్ వచ్చిన దగ్గర్నుంచి సింగిల్స్ (ఒకటికి ఒకటి) పోటీల్లో ఇది కనిపిస్తూనే ఉంది.

ఎందుకని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: ఇది ఏ పనైనా చేస్తుంది. అందులో నిజం ఉంది, కానీ సగమే. ఆ మాట నమ్మి క్లెఫేబుల్‌ని టీమ్‌లో ఆరోదిగా చేర్చేసి, ఏ ఇబ్బంది వచ్చినా ఇదే చూసుకుంటుందిలే అనుకుంటే ఆట మధ్యలో చేతులెత్తేయాల్సి వస్తుంది. ఏ పనైనా చేయగలగడం అనేది టీమ్ కట్టేటప్పుడు మాత్రమే ఉండే సౌకర్యం. ఆట మొదలయ్యాక దాని దగ్గర ఉండేవి నాలుగు మూవ్స్ (ఎత్తులు), ఒక ఎబిలిటీ (సహజంగా ఉండే గుణం), ఒక ఐటెమ్ (వెంట ఉంచుకునే వస్తువు), అంతే. ఆ ఎంపిక సరిగ్గా జరిగితే క్లెఫేబుల్ అంత నమ్మకమైన డిఫెన్సివ్ పోకెమాన్ మరొకటి దొరకడం కష్టం. సరిగ్గా జరగకపోతే 483 నిజంగా 483లాగే ఆడుతుంది.

ముందు టైప్ సంగతి. 1996లో జపాన్‌లో మొదటి గేమ్స్ వచ్చినప్పుడు క్లెఫేబుల్ నార్మల్ టైప్. ఐదు జనరేషన్ల పాటు అలాగే ఉంది. ఆరో జనరేషన్‌లో ఫెయిరీ టైప్ కొత్తగా పుట్టింది, క్లెఫేబుల్ అందులోకి మారింది, పనిలో పనిగా స్పెషల్ ఎటాక్ కూడా 85 నుంచి 95 అయింది. పది పాయింట్ల పెరుగుదల పెద్ద విషయమేమీ కాదు, అసలు లాభం టైప్‌లోనే ఉంది. ఫెయిరీకి డ్రాగన్ దెబ్బ అస్సలు తగలదు. ఫైటింగ్, డార్క్, బగ్ దెబ్బలు సగమే తగులుతాయి. ఈ జాబితాని పోటీల్లో రోజూ కనిపించే మూవ్స్‌తో పోల్చి చూస్తే దాని విలువ తెలుస్తుంది. దెబ్బ కొట్టి వెంటనే వెనక్కి వెళ్లిపోయే యూ-టర్న్ బగ్ టైప్. ఐటెమ్ ఊడగొట్టే నాక్ ఆఫ్ డార్క్ టైప్. ఎదురుగా ఏముందో చూడకుండా కొట్టేసే క్లోజ్ కాంబాట్ ఫైటింగ్ టైప్. ఎదుటివాళ్లు ఏం చేయాలో తోచనప్పుడు నొక్కే మూవ్స్ ఎక్కువగా ఇవే. అలాంటి టర్న్‌లో క్లెఫేబుల్ పెద్దగా నష్టపోకుండా లోపలికి రాగలదు. డిఫెన్సివ్ పోకెమాన్‌కి ఎంత దెబ్బ తట్టుకుంటుందనే దానికన్నా ఎన్నిసార్లు లోపలికి రాగలదనేదే ముఖ్యం. ఒక్కసారి గట్టిగా నిలబడి మళ్లీ రాలేని వాల్ వల్ల టీమ్‌కి ఉపయోగం తక్కువ.

బలహీనతలు రెండే, స్టీల్, పాయిజన్. రెండే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఫెయిరీలకి భయపడే ప్రతి టీమ్‌లోనూ కనీసం ఒక స్టీల్ టైప్ ఉంటుంది. క్లెఫేబుల్ ప్రధాన ఆయుధమైన మూన్‌బ్లాస్ట్ స్టీల్, పాయిజన్, ఫైర్ టైప్‌ల మీద సగమే పనిచేస్తుంది. అంటే దీన్ని కొట్టగలిగేవీ, దీని దెబ్బకి చలించనివీ దాదాపు ఒకే గుంపు. టీమ్‌లో మిగతా ఐదూ ఆ గుంపుని చూసుకునేలా ఉంటేనే క్లెఫేబుల్‌కి చోటివ్వాలి.

మ్యాజిక్ గార్డ్ కాపాడేది ఏమిటి

క్లెఫేబుల్‌కి మూడు ఎబిలిటీలు దొరుకుతాయి. క్యూట్ చార్మ్‌ని పోటీల్లో ఎవరూ వాడరు కాబట్టి వదిలేద్దాం. మిగిలినవి మ్యాజిక్ గార్డ్, అన్‌అవేర్. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నారన్న దాన్ని బట్టి పేరూ బొమ్మా తప్ప మిగతాదంతా మారిపోతుంది.

మ్యాజిక్ గార్డ్ ఉంటే నేరుగా తగిలే దెబ్బ తప్ప మరేదీ హెచ్‌పీ తగ్గించలేదు. విషం, బర్న్, ఇసుక తుఫాను, స్టెల్త్ రాక్, స్పైక్స్ (లోపలికి వచ్చినదాన్ని గాయపరిచేలా నేల మీద వేసేవి), లీచ్ సీడ్ (ప్రతి టర్న్ ప్రాణం పీల్చేది), రాకీ హెల్మెట్ (తాకినవాళ్లకి దెబ్బ తగిలించే ఐటెమ్), ఇవేవీ పనిచేయవు. దీని విలువ లెక్కేసి చూడొచ్చు. లెవెల్ 100లో, 252 ఈవీలు (ఏ అంకెని పెంచాలో ఆటగాడు పంచుకునే పాయింట్లు) హెచ్‌పీకి పెడితే క్లెఫేబుల్ హెచ్‌పీ 394. నేల మీద స్టెల్త్ రాక్ ఉన్నప్పుడు లోపలికి వచ్చిన ప్రతిసారీ మామూలుగా ఎనిమిదో వంతు, అంటే 49 పోవాలి. ఒక సుదీర్ఘమైన ఆటలో ఆరుసార్లు లోపలికి వచ్చిందనుకుంటే 294, దాదాపు మొత్తం ప్రాణంలో మూడు వంతులు. మ్యాజిక్ గార్డ్ క్లెఫేబుల్‌కి ఈ నష్టం ఉండదు. డిఫెన్స్ అంకెలో కనిపించని బలం ఇదే.

ఇంకో సంగతి అంత తొందరగా కంటపడదు. ఒక పోకెమాన్‌కి విషం, బర్న్, పక్షవాతం, నిద్ర లాంటి వాటిలో ఒక సమయంలో ఒకటే అంటుకుంటుంది. మ్యాజిక్ గార్డ్ క్లెఫేబుల్‌కి విషం ఎక్కితే హెచ్‌పీ పోదు సరికదా, ఆ తర్వాత పక్షవాతం రాదు, నిద్ర పట్టదు. నేల మీద ఎదుటివాళ్లు వేసిన టాక్సిక్ స్పైక్స్ ఒక్కోసారి దీనికి మేలే చేస్తాయి. బర్న్ అయినా అంతే. బర్న్ వల్ల సగమయ్యేది ఫిజికల్ దెబ్బల బలం, మూన్‌బ్లాస్ట్ స్పెషల్ మూవ్. అందుకే తెలిసినవాళ్లు క్లెఫేబుల్ ముందు బర్న్ చేసే విల్-ఓ-విస్ప్ వేయరు. పక్షవాతం తెచ్చే థండర్ వేవ్ మాత్రం దీన్ని నిజంగా ఇబ్బంది పెడుతుంది, మ్యాజిక్ గార్డ్ ఆపేది నష్టాన్నే, పక్షవాతాన్ని కాదు. టీమ్‌లో మరో పోకెమాన్ కోసం దాచిన విషాన్ని కావాలనే క్లెఫేబుల్ మీదకి తీసుకోవడం మంచి ఆటగాళ్లు తరచూ చేసే పని.

ఈ ఎబిలిటీతో కామ్ మైండ్ వాడే సెట్ అందరికీ తెలిసిందే. స్పెషల్ ఎటాక్, స్పెషల్ డిఫెన్స్ ఒక్కో మెట్టు పెంచుకుంటూ, మధ్యమధ్యలో సగం హెచ్‌పీ తిరిగి తెచ్చుకుంటూ పోతుంది. ఇలా మెల్లగా బలం పెంచుకునే పోకెమాన్‌లని ఆపడానికి ఎప్పట్నుంచో ఉన్న మందు, ప్రతి టర్న్ పెరిగే విషం ఎక్కించే టాక్సిక్. ఆ మందు దీని మీద పనిచేయదు. ఆపాలంటే దెబ్బ కొట్టని మూవ్స్ వాడనివ్వని టాంట్ వేయాలి, లేదా రోర్, విర్ల్‌విండ్‌తో వెనక్కి పంపాలి, లేదా బలమైన స్టీల్ దెబ్బ కొట్టాలి. వీటిలో ఒక్కటీ లేని టీమ్ ఎదురైతే ఆట అక్కడితో దాదాపు అయిపోయినట్టే.

ఒకే ఎర్త్‌క్వేక్, మూడు ఫలితాలు

అన్‌అవేర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అపోహలు దీని చుట్టూనే ఎక్కువ. ఎదుటి పోకెమాన్ పెంచుకున్న ఎటాక్, డిఫెన్స్ మెట్లని ఇది లెక్కలోకి తీసుకోదు. స్వోర్డ్స్ డ్యాన్స్ వేసి ఎటాక్ రెట్టింపు చేసుకున్నా, క్లెఫేబుల్ మీద మామూలు దెబ్బే పడుతుంది.

ఉదాహరణకి జాలీ నేచర్‌తో (నేచర్ అంటే ఒక అంకెని పెంచి ఇంకోదాన్ని తగ్గించే స్వభావం), ఎటాక్‌కి 252 ఈవీలు పెట్టిన గార్‌చాంప్ తీసుకుందాం. దాని ఎటాక్ 359. ఐటెమ్ వల్ల వచ్చే బలం ఏమీ లేదనుకుందాం. ఎదురుగా హెచ్‌పీకి 252, డిఫెన్స్‌కి 252 పెట్టి, బోల్డ్ నేచర్ ఇచ్చిన క్లెఫేబుల్. డిఫెన్స్ 269. క్లెఫేబుల్ లోపలికి వచ్చే టర్న్‌లోనే గార్‌చాంప్ స్వోర్డ్స్ డ్యాన్స్ వేసుకుంది.

క్లెఫేబుల్‌కి మ్యాజిక్ గార్డ్ ఉంటే, ఆ తర్వాత వచ్చే దాని గ్రౌండ్ దెబ్బ ఎర్త్‌క్వేక్ 288 నుంచి 339 దాకా తీస్తుంది. 394లో అది ముప్పావు వంతు, ఇంకొంచెం ఎక్కువే. సాఫ్ట్-బాయిల్డ్ అయినా మూన్‌లైట్ అయినా తిరిగి ఇచ్చేది 197. రెండో ఎర్త్‌క్వేక్‌కి క్లెఫేబుల్ దాదాపు ప్రతిసారీ పడిపోతుంది. ఒక్క మూన్‌బ్లాస్ట్ కొట్టి పోవడం తప్ప చేయగలిగింది లేదు.

అదే క్లెఫేబుల్‌కి అన్‌అవేర్ ఉంటే ఎర్త్‌క్వేక్ 144 నుంచి 171 మాత్రమే తీస్తుంది. 197 కన్నా తక్కువ. అంటే క్రిటికల్ హిట్ పడనంతవరకు, ఎన్నిసార్లు కొట్టినా క్లెఫేబుల్ కోలుకుంటూనే ఉండగలదు. నిజానికి కోలుకోవాల్సిన అవసరం కూడా రాదు. ఈవీలేమీ పెట్టని క్లెఫేబుల్ మూన్‌బ్లాస్ట్, హెచ్‌పీకీ స్పెషల్ డిఫెన్స్‌కీ ఏమీ పెట్టని గార్‌చాంప్ మీద 357లో 224 నుంచి 266 తీస్తుంది. రెండు మూన్‌బ్లాస్ట్‌లకి గార్‌చాంప్ పోతుంది. ఆ రెండింటి మధ్య క్లెఫేబుల్ తినేది రెండు ఎర్త్‌క్వేక్‌లు, ఎంత ఎక్కువ పడినా 342. ఇంకా 52 మిగిలే ఉంటుంది. గార్‌చాంప్ ఎన్నిసార్లు స్వోర్డ్స్ డ్యాన్స్ వేసుకున్నా ఈ లెక్క మారదు. డ్రాగన్ మూవ్స్ ఎలాగూ తగలవు.

ఇక మూడో ఫలితం. ఇదే అన్‌అవేర్, కానీ 252 ఈవీలు డిఫెన్స్‌కి కాకుండా స్పెషల్ డిఫెన్స్‌కి పెట్టి, కామ్ నేచర్ ఇచ్చారనుకుందాం. స్పెషల్ డిఫెన్స్ 306 అవుతుంది, డిఫెన్స్ 182కి పడిపోతుంది. ఇప్పుడు అదే ఎర్త్‌క్వేక్, స్వోర్డ్స్ డ్యాన్స్‌ని లెక్కలోకి తీసుకోకుండానే, 211 నుంచి 250 తీస్తుంది. తిరిగి వచ్చే 197 చాలదు. కోలుకోకుండా మూన్‌బ్లాస్ట్ కొడుతూ పోతే, టర్న్ చివర్లో లెఫ్టోవర్స్ ఐటెమ్ ఇచ్చే 24 ఉన్నా రెండో దెబ్బకి పడిపోవడం ఖాయం. ఎబిలిటీ సరైనదే ఎంచుకున్నారు, ఈవీలు మాత్రం వేరే పని కోసం పెట్టారు, రెండూ కలిసి ఏ పనీ జరగలేదు.

పోటీల్లో క్లెఫేబుల్ ఓడిపోయే ఆటల్లో చాలావరకు ఈ మూడో రకానివే. ఎక్కడో చూసిన ఒక సెట్‌లోంచి ఎబిలిటీ, ఇంకో సెట్‌లోంచి ఈవీలు, మరో సెట్‌లోంచి మూవ్స్ తెచ్చి కలిపితే కాగితం మీద అన్నీ చేయగలిగేదిగా కనిపిస్తుంది. ఎదురుగా ఫలానా పోకెమాన్ వస్తే ఎన్ని దెబ్బలు తట్టుకుంటుందని అడిగితే జవాబు ఉండదు. డిఫెన్సివ్ పోకెమాన్ ఎంపిక ఎప్పుడూ ఆ ఫలానా పేరుతోనే మొదలవ్వాలి. మిగతా ఐదూ కలిసి ఆపలేని పోకెమాన్ ఏది? అది మెట్లు పెంచుకునే ఫిజికల్ స్వీపరా (వరసగా అందర్నీ పడగొట్టేదా), స్పెషల్ ఎటాకరా, లేక నేల మీద పరిచిన స్పైక్స్‌తో మెల్లగా అరగదీసే టీమా? ఆ జవాబు వచ్చాకే ఎబిలిటీ, ఈవీలు, మూవ్స్ ఏమిటో తేలతాయి. డ్యామేజ్ కాలిక్యులేటర్‌లో రెండు నిమిషాలు కూర్చుంటే పై లెక్కలన్నీ ఎవరికైనా కనిపిస్తాయి. సెట్ కాపీ చేసుకున్నా ఈ రెండు నిమిషాలు మాత్రం మానకూడదు.

అన్‌అవేర్‌కి హద్దులు కూడా ఉన్నాయి. అది పట్టించుకోనిది మెట్లని మాత్రమే, అసలు బలాన్ని కాదు. అదే గార్‌చాంప్‌కి ఎటాక్‌ని ఒకటిన్నర రెట్లు చేసే చాయిస్ బ్యాండ్ ఇస్తే, డిఫెన్స్ 269 ఉన్న క్లెఫేబుల్ మీద కూడా ఎర్త్‌క్వేక్ 216 నుంచి 255 తీస్తుంది. చాయిస్ బ్యాండ్ వల్ల వచ్చేది మెట్టు కాదు కాబట్టి అన్‌అవేర్ ఏమీ చేయలేదు. స్పీడ్ మెట్లని కూడా ఆపదు. డ్రాగన్ డ్యాన్స్ వేసుకున్న పోకెమాన్ ఎటాక్ పెరుగుదల పోయినా వేగం అలాగే ఉంటుంది, ముందు అదే కొడుతుంది. ఎదుటి ఎబిలిటీని పట్టించుకోని మోల్డ్ బ్రేకర్ ఉన్న ఎక్స్‌కడ్రిల్ ముందు అన్‌అవేర్ లేనట్టే లెక్క, పైగా అది స్టీల్ టైప్. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, మ్యాజిక్ గార్డ్ కాపాడే ప్రతిదీ అన్‌అవేర్ క్లెఫేబుల్‌ని కొరుకుతుంది. టాక్సిక్ పడితే మొదటి టర్న్‌లో 24, రెండో టర్న్‌లో 48, మూడో టర్న్‌లో 72, అలా పెరుగుతూ ఎనిమిదో టర్న్‌కి 192 అవుతుంది. అప్పుడు కోలుకున్నదంతా విషానికే పోతుంది. వెనక్కి వెళ్లి వస్తే ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది కానీ, వెళ్లి వచ్చినందుకు స్టెల్త్ రాక్‌కి 49 కట్టాలి.

నాలుగో మూవ్

మూడు మూవ్స్ దాదాపు వాటంతట అవే తేలిపోతాయి. మూన్‌బ్లాస్ట్ ఉండాలి. హెచ్‌పీ తిరిగి తెచ్చేది ఒకటి ఉండాలి. మూడోది అది చేయాల్సిన పని, స్టెల్త్ రాక్, కామ్ మైండ్, విష్, వీటిలో ఒకటి. చిక్కంతా నాలుగో దాని దగ్గరే.

క్లెఫేబుల్ లోపలికి రాగానే ఎదుటివాళ్లు స్టీల్ టైప్‌ని పంపుతారు. నాలుగో మూవ్ ఆ వచ్చేదాన్ని ఉద్దేశించి పెట్టాలి. ఫ్లేమ్‌త్రోవర్ పెడితే ఫెరోథార్న్, సైజర్ నాలుగు రెట్ల దెబ్బ తింటాయి, కార్వినైట్‌కి రెండు రెట్లు పడుతుంది. కానీ హీట్రాన్ వస్తే ఫ్లేమ్‌త్రోవర్ దండగ, పైగా ఫ్లాష్ ఫైర్‌తో అది ఇంకా బలపడుతుంది. థండర్ వేవ్ పెడితే హీట్రాన్‌కి పక్షవాతం వస్తుంది, ఫెరోథార్న్‌కి అదేమంత బాధ కాదు, అది ఎలాగూ నెమ్మదే. నాక్ ఆఫ్ పెడితే ఎవరొచ్చినా ఐటెమ్ పోతుంది, కానీ ఎవరూ పడిపోరు. అందరికీ సరిపోయేదంటూ ఒకటి లేదు, దానికోసం వెతకడం వృథా శ్రమ. టీమ్‌లో హీట్రాన్‌ని కొట్టగలిగే గ్రౌండ్ టైప్ ఉంటే ఫ్లేమ్‌త్రోవర్ సరిపోతుంది. స్టీల్ టైప్‌లని చూసుకునే ఫైర్ టైప్ ఉంటే నాక్ ఆఫ్ వైపు వెళ్లొచ్చు. నాలుగో మూవ్‌ని నిర్ణయించేది క్లెఫేబుల్ పక్కన ఉన్నవే.

విష్ గురించి ఒక మాట. అది ఇచ్చేది వాడిన పోకెమాన్ హెచ్‌పీలో సగం, అంటే ఇక్కడ 197, తర్వాతి టర్న్ చివర్లో ఆ చోట ఎవరుంటే వాళ్లకి. సొంతంగా కోలుకోలేని ఎటాకర్‌కి ఆ 197 అందితే రెండోసారి ప్రాణం పోసినట్టే. డిఫెన్స్ అంటే కేవలం తను బతకడం కాదని బాగా చూపించే మూవ్ ఇది. పోటీల్లో రావాల్సినంత ఆదరణ దీనికి రాలేదనే చెప్పాలి.

ఎదుటివాళ్లకి తెలియనిది

ఐదో జనరేషన్ నుంచి ఆట మొదలయ్యే ముందు రెండు టీమ్‌లూ కనిపిస్తాయి. ఏ పోకెమాన్‌లు ఉన్నాయో తెలుస్తుంది, వాటి ఎబిలిటీ, ఐటెమ్, మూవ్స్ తెలియవు. క్లెఫేబుల్ బొమ్మ చూడగానే ఎదుటివాళ్లకి టెన్షన్ మొదలయ్యేది ఇందుకే. మ్యాజిక్ గార్డా, అన్‌అవేరా? అది తేలే దాకా స్వోర్డ్స్ డ్యాన్స్ వేయాలంటే జంకు, టాక్సిక్ వేయాలన్నా జంకే. ఆ తెలియనితనం ఎదుటివాళ్ల చేత రెండు మూడు టర్న్‌లు తప్పుగా ఆడించగలదు.

కానీ అది చాలా త్వరగా కరిగిపోతుంది. స్టెల్త్ రాక్ ఉన్న నేల మీదకి క్లెఫేబుల్ ఒక్కసారి అడుగు పెడితే చాలు. 49 పోయిందంటే మ్యాజిక్ గార్డ్ కాదు. ఏమీ పోలేదంటే మ్యాజిక్ గార్డ్, లేదా నేల మీద వేసిన వాటి నుంచి కాపాడే హెవీ-డ్యూటీ బూట్స్. ఆ టర్న్ చివర్లో లెఫ్టోవర్స్ వల్ల హెచ్‌పీ పెరిగితే బూట్స్ కాదని కూడా తేలిపోతుంది. ఇసుక తుఫానులోనూ ఇలాగే బయటపడుతుంది, అక్కడ బూట్స్ అడ్డం రావు. కాబట్టి గుట్టు దాచాల్సిన అవసరం ఉన్న ఆటలో, స్టెల్త్ రాక్ పడ్డాక, అంతగా అవసరం లేని చోట క్లెఫేబుల్‌ని బయటికి తీయకపోవడమే మంచిది. ఎదురుగా మెట్లు పెంచుకునే స్వీపర్ ఉండి, మన దగ్గర ఉన్నది అన్‌అవేర్ అయితే ఇది మరీ ముఖ్యం. ఆ స్వీపర్ స్వోర్డ్స్ డ్యాన్స్ మీద ఒక టర్న్ ఖర్చు పెట్టాక తెలియాలి, ముందే తెలిస్తే అది ఆ టర్న్‌లో నేరుగా కొట్టేస్తుంది లేదా వెనక్కి వెళ్లిపోతుంది.

అవతలి వైపు నుంచి చూసినా ఇదే పాఠం వర్తిస్తుంది. క్లెఫేబుల్ ఎదురైతే మొదటి పని దాన్ని పడగొట్టడం కాదు, అది ఏదో తెలుసుకోవడం. స్టెల్త్ రాక్ వేయడానికి ఒక టర్న్ పోయినా ఫర్వాలేదు. ఎబిలిటీ తెలిశాక, ఈవీలు ఎటు పెట్టారో మొదటి దెబ్బలోనే అంచనాకి వస్తుంది. పైన లెక్కేసిన గార్‌చాంప్ ఎర్త్‌క్వేక్‌కి 40 శాతం పోయిందంటే అది ఫిజికల్ వాల్, 60 శాతం దగ్గరికి వెళ్లిందంటే స్పెషల్ వైపుది. అక్కడి నుంచి ఏ ఎటాకర్‌ని పంపాలో ఊహ అక్కర్లేదు.

అధికారిక డబుల్స్ పోటీలు, అంటే వీజీసీ, ఈ విషయంలో వేరే దారి పట్టాయి. 2023 సీజన్ నుంచి అక్కడి టోర్నమెంట్లలో ఓపెన్ టీమ్ లిస్ట్ పద్ధతి వచ్చింది. ఎబిలిటీ, ఐటెమ్, నాలుగు మూవ్స్ ముందే ఎదుటివాళ్ల చేతికి వెళ్తాయి. ఈవీలు, నేచర్ లాంటివే గుట్టుగా ఉంటాయి. అలాంటి చోట ఏ సెట్ అయినా కావచ్చన్న భయం పనిచేయదు, ఆ సెట్‌కి నిజంగా ఎంత బలముందో అదే చూపించుకోవాలి. డబుల్స్‌లో క్లెఫేబుల్ వంశానికి ఉన్న అసలు విలువ ఫాలో మీ మూవ్. పక్కనున్న జతగాడి మీదకి వచ్చే దెబ్బలని తన మీదకి లాక్కుంటుంది. ఇంకా ఎదగని క్లెఫెయిరీకి ఫ్రెండ్ గార్డ్ ఎబిలిటీ కూడా ఉంది, జతగాడికి తగిలే దెబ్బలో నాలుగో వంతు తగ్గిస్తుంది. ఎదగని పోకెమాన్‌కి రెండు డిఫెన్స్‌లనీ ఒకటిన్నర రెట్లు చేసే ఎవియోలైట్ ఇస్తే అది క్లెఫేబుల్ కన్నా గట్టిగా నిలబడుతుంది. ఈ ఆటతీరులో అందరికీ గుర్తుండిపోయిన ఉదాహరణ 2014 ప్రపంచ ఛాంపియన్‌షిప్. బేస్ స్టాట్స్ మొత్తం 405 మాత్రమే ఉన్న పాచిరిసుని, ఫాలో మీతో, సెజున్ పార్క్ విజేత టీమ్‌లో ఆడించాడు. అన్నీ చేయగలిగే పెద్ద పోకెమాన్‌లు ఎన్నో అందుబాటులో ఉండగా ఒక చిన్న ఉడుతకి ఒక్క పని అప్పజెప్పాడు, అది ఆ పని చేసింది.

తొమ్మిదో జనరేషన్‌లో మారినవి

2022 నవంబర్‌లో స్కార్లెట్, వయొలెట్ వచ్చాక క్లెఫేబుల్ చుట్టూ చాలా మారాయి. హెచ్‌పీ తిరిగి తెచ్చే మూవ్స్‌ని ఎనిమిదిసార్లకి మించి వాడలేని పరిస్థితి వచ్చింది. రికవర్, సాఫ్ట్-బాయిల్డ్ లాంటివాటి పీపీని (ఎన్నిసార్లు వాడొచ్చన్న లెక్కని) 5కి తగ్గించారు, పీపీ అప్స్‌తో పెంచుకున్నా 8 దాటదు. క్లెఫేబుల్ ఇప్పుడు ఎక్కువగా ఆధారపడే మూన్‌లైట్‌కీ అంతే. పైగా ఇసుక, వాన, మంచు ఉన్నప్పుడు అది సగానికి బదులు పావు వంతే ఇస్తుంది. అందుకని టర్న్ ఖాళీ దొరికింది కదా అని 300 హెచ్‌పీ ఉన్నప్పుడే మూన్‌లైట్ నొక్కే పాత అలవాటు మానుకోవాలి. ఎనిమిదిలో ప్రతి ఒక్కటీ పూర్తి 197కి వాడేలా చూసుకోవాలి.

టాక్సిక్ నేర్చుకోగలిగే పోకెమాన్‌లు బాగా తగ్గిపోయాయి. ఇది అన్‌అవేర్‌కి పెద్ద ఊరట. దానికి బదులు గార్గనాకిల్ వాడే సాల్ట్ క్యూర్ వచ్చింది, ప్రతి టర్న్ ఎనిమిదో వంతు తింటుంది, మ్యాజిక్ గార్డ్ దాన్ని పూర్తిగా ఆపుతుంది. గోల్డెంగో వచ్చింది. స్టీల్ టైప్, పైగా గుడ్ యాజ్ గోల్డ్ ఎబిలిటీ వల్ల థండర్ వేవ్ లాంటి స్టేటస్ మూవ్స్ దాని మీద పనిచేయవు. నాలుగో మూవ్‌గా థండర్ వేవ్ పెట్టుకున్న క్లెఫేబుల్‌కి అది పెద్ద తలనొప్పి. ఫ్లేమ్‌త్రోవర్, నాక్ ఆఫ్ రెండూ దానికి రెండు రెట్లు తగులుతాయి.

ఆట మధ్యలో టైప్ మార్చుకునే టెరాస్టలైజ్ అయితే క్లెఫేబుల్‌కి వరమే. స్టీల్ దెబ్బ వస్తుందనుకున్న టర్న్‌లో వాటర్ టైప్‌గా మారితే అది సగమే తగులుతుంది. స్టీల్‌గా మారితే పాయిజన్ అసలే తగలదు. కానీ ఆటకి ఒక్కసారే దొరికే టెరాని వాల్ మీద ఖర్చు చేస్తే ఎటాకర్‌కి మిగలదు. కామ్ మైండ్‌తో ఆట ముగించాల్సింది క్లెఫేబులే అయితే ఆ ఖర్చు సరైనదే. స్టెల్త్ రాక్ వేసి పక్కకి తప్పుకోవాల్సిన క్లెఫేబుల్ మీద టెరా వాడటం మాత్రం నష్టం.

ఎప్పటిదాకా కాపాడుకోవాలి

ఆట మధ్యలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. డిఫెన్సివ్ పోకెమాన్ అనగానే చివరి దాకా బతికించుకోవాలన్న అలవాటు వచ్చేస్తుంది. గార్‌చాంప్‌ని ఆపడానికి పెట్టుకున్న అన్‌అవేర్ క్లెఫేబుల్, గార్‌చాంప్ బతికున్నంత కాలం కంటికి రెప్పలా కాపాడుకోవాల్సిందే. అప్పటిదాకా దాని హెచ్‌పీని 343 కన్నా కిందికి పోనివ్వకూడదు, ఎందుకంటే రెండు ఎర్త్‌క్వేక్‌లు తట్టుకోవడానికి కావాల్సింది అంత. వేరే చోట ఒక దెబ్బ కొట్టే అవకాశం ఎంత ఊరించినా, ఆ గీత దాటేలా ఉంటే వెనక్కి తీసుకోవాలి.

గార్‌చాంప్ పడిపోయిందంటే ఆ గీత కూడా పోయినట్టే. ఎదుటివైపు మిగిలినవి హీట్రాన్, సైజర్ అనుకుందాం. ఇక క్లెఫేబుల్ హెచ్‌పీకి అంత విలువ లేదు. హీట్రాన్ ముందు దాన్ని వెనక్కి తీసుకుని, ఆ దెబ్బని మన గ్రౌండ్ టైప్ ఎటాకర్ మీదకి తెచ్చుకోవడం కన్నా, క్లెఫేబుల్‌ని అక్కడే ఉంచి చివరి మూన్‌బ్లాస్ట్ కొట్టించి పడిపోనివ్వడం మేలు. అది పడిపోయాక ఎటాకర్ దెబ్బ తినకుండా, నిండు హెచ్‌పీతో, హీట్రాన్ ఎదురుగానే లోపలికి వస్తుంది.